ఇరవై ఏడు గళ్ళు

మా బావ బయ్యప్ప పలక పట్టుకొని అరుగు మీద కూర్చున్నాడంటే ఆ వీధిన పోవలసినవాళ్ళు కూడా పక్క సందులోంచి పోయేవాళ్ళు. ఆయన ఎవరినీ తిట్టేవాడు కాదు, చెయ్యి చేసుకునేవాడు అంతకన్నా కాదు. పలక మీద ఒక వాక్యం రాసి మొహం ముందు పెట్టి, "దీంట్లో 'క'లు ఎన్ని ఉండాయో చెప్పి పోప్పా" అనేవాడు. అంతే. దానికన్నా నాలుగు తిట్లు తినిపోవడమే మేలని నాకు చాలాసార్లు అనిపించింది.

ఒక వాక్యం నాకు చచ్చేదాకా గుర్తుంటుంది. "కొండ కింద కోనలో కోతి కొమ్మెక్కి కూర్చొని కాయ కొరికె." నేను వేళ్ళు మడిచి తొమ్మిదన్నాను. బావ నవ్వాడు. మళ్ళీ చూసి పదన్నాను. ఇంకా నవ్వాడు.

"పదకొండు. కొమ్మెక్కి అనేదాంట్లో పైన ఒక 'క' ఉండాది, దాని కింద వత్తు ఒకటి వేలాడతాండాది. పైనుండేది అందురూ చూస్తారు గోపాలా. కిందుండేది చూసినోడే చదివినోడు" అని పలక తుడిచేసి, ఇంకొకరి కోసం వీధి వంక చూశాడు. మా అక్క తిమ్మక్కను చేసుకున్నవాడు కాబట్టి నోరు మూసుకున్నాను. లేకుంటే ఆ కోతిని గురించి నేనూ నాలుగు మాటలు అనివుండేవాణ్ణి.

తప్పు ఆయనది కూడా కాదు, ఆయన చేసిన పనిది. బాగేపల్లిలో తాలూకా కచేరీలో ముప్ఫై ఏండ్లు నకలు గుమాస్తాగా ఉన్నాడు. అసలు కాగితం ఎడమవైపు, నకలు కుడివైపు పెట్టుకొని అక్షరం అక్షరం సరిచూసి, అడుగున 'ఓది నోడిదె' అని కన్నడంలో రాసి సంతకం పెట్టడమే ఆయన ఉద్యోగం. చదివి చూశాను అని దాని అర్థం. ఆ రెండు మాటలూ ఆయన చేతి కింద ఎన్ని వేలసార్లు పడ్డాయో ఆయనకే తెలియదు. పంతొమ్మిది వందల ముప్ఫై ఎనిమిదిలో పింఛను ఇచ్చి ఇంటికి పంపారు. పని పోయింది గానీ ఆ జబ్బు పోలేదు. సరిచూసేదానికి ఇంట్లో ఏమీ లేకపోవడంతో రామకోటి మొదలుపెట్టించాడు.

మొదలుపెట్టించాడు అన్నాను, చూడండి. రాసింది మా అక్క. రెండేండ్లకు కొడుకు ఆంజనేయప్పకు పెండ్లయి, తొండేభావి నుంచి మునిరత్నమ్మ కోడలుగా వచ్చింది. కాళ్ళకు పసుపు ఆరకముందే ఆమె చేతికీ ఒక పుస్తకం ఇచ్చాడు. బావ మాత్రం ఒక్క నామం కూడా రాసిన మనిషి కాదు. ఆయన చూసేవాడు.

పుస్తకం తయారుచేసే విధానమే వేరుగా ఉండేది. పేజీకి పన్నెండు వరసలు, వరసకు ఇరవై ఏడు గళ్ళు, స్కేలు పెట్టి ఆయనే గీసేవాడు. గడికి ఒక అక్షరం. శ్రీ ఒక గడి, రా ఒక గడి, మ ఒక గడి. అట్లా వరసకు తొమ్మిది నామాలు, పేజీకి నూట ఎనిమిది. ఇద్దరాడవాళ్ళు దినానికి తలా ఒక పేజీ రాయాలి. ఈ లెక్కన కోటి పూర్తయ్యేదానికి నూట ఇరవై ఆరేండ్లు పడుతుందని నా బట్టీలో బొరుగులు వేయిస్తూ ఒకసారి లెక్కవేశాను. బావకు చెప్పలేదు. అక్షరాలు లెక్కపెట్టుకొని సంతోషంగా ఉన్న మనిషికి ఏండ్లు లెక్కపెట్టమని చెప్పడానికి నేనెవర్ని?

దీక్షకు ఒక నియమం కూడా పెట్టాడు. పుస్తకం పట్టినవాళ్ళు అది ముగిసేదాకా బాగేపల్లి పొలిమేర దాటకూడదు. పుస్తకానికి రెండువందల పేజీలు. అది ముగిసిన దినమే కొత్త పుస్తకం పట్టాలి. అంటే దాటేదే లేదని అర్థం. పక్క ఊళ్ళో ఉన్న మా పుట్టింటి గడప మా అక్క తొక్కి ఐదేండ్లయింది, నేను బాగేపల్లిలోనే రెండు వీధుల అవతల ఉన్నాను కాబట్టి నన్నైనా చూసేది.

అప్పుడు యుద్ధం కాలం. కాగితం దొరకడం గగనమైపోయింది. చిక్కబళ్ళాపురంలో తెలిసినవాళ్ళను పట్టుకొని, బతిమాలి, బావ పుస్తకాలు తెప్పించేవాడు. ఇంట్లో ఇంకే కాగితమూ ఉండేది కాదు. ఒక్క గడి తప్పిందంటే పేజీ పాడైందని ఇల్లు పీకి పందిరి వేసేవాడు.

ఇంకొకటి చెప్పాలి. మా అక్కకు మా నాయన ఇంట్లోనే తెలుగు అక్షరాలు నేర్పించాడు. మునిరత్నమ్మ కన్నడ బడిలో చదువుకుంది. మాట్లాడేది ఇద్దరూ తెలుగే, రాసేది మాత్రం ఒకరు తెలుగులో, ఒకరు కన్నడంలో. మా తాలూకాలో ఇది విచిత్రమేమీ కాదు. బావకు రెండూ వచ్చు. "నాకు రెండు కండ్లకూ రెండు లిపులు" అనేవాడు. రెండూ ఇంచుమించు ఒకే రకంగా ఉంటాయి కదా, తలకట్టు దగ్గర కొంచెం తేడా. కోడలి పేజీలో ఏదైనా కంటికి వేరుగా తగిలితే, అది కన్నడం కాబట్టి అట్లా ఉందని ఆయన కన్ను సర్దుకొని ముందుకు పోయేది. ఈ సంగతి నాకు తరువాత తెలిసింది. మా అక్కకు ముందే తెలుసు.

నలభై మూడులో, ఉగాది అయిన కొత్తలో, నేను వడ్ల కోసం గౌరిబిదనూరు దగ్గరి హొసూరు వైపు పోయి, వచ్చేటప్పుడు తొండేభావిలో ఆగాను. మునిరత్నమ్మ తల్లి అక్కయమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నాలుక తడబడుతోంది గానీ మాట ఉంది. "రత్నను ఒకతూరి చూడాల నాయనా" అంది. ఆమెకు ఒక్కతే కూతురు.

నేను నేరుగా బావ దగ్గరికి వచ్చాను. వడ్ల మూటలు బండిలోనే ఉన్నాయి. ఆయన చీపురు పుల్ల పట్టుకొని పేజీ సరిచూస్తున్నాడు. పుల్ల ఐదో వరసలో ఉంది.

"బావా, మునిరత్నమ్మ వాళ్ళమ్మకు కాలూ చెయ్యీ పడిపోయినాయి" అన్నాను.

"ఊ" అన్నాడు.

"కోడల్ని ఒకసారి పంపియ్యి."

"ఊ, ఊ."

పుల్ల పన్నెండో వరస దాటి, అడుగున 'ఓది నోడిదె' పడి, సంతకం అయినాక తలెత్తి, "ఎప్పుడొస్తివి గోపాలా? వడ్లు బాగుండాయా?" అన్నాడు. నేను మళ్ళీ మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏదున్నా కాగితం మీద పెట్టండప్పా. నోటి మాటకి కచేరీలో విలువ లేదు. నా చెవులు ముసలివైపోయినాయి. కాగితం మీద ఉండేది మాత్రం నా కండ్లకి తప్పదు."

చెప్పాల్సింది చెప్పాను అనుకొని నేను లేచి వచ్చేశాను. ఆ అమ్మాయిని నేనే చెయ్యి పట్టి తీసుకుపోయివుండాల్సింది. పోలేదు. వడ్లు దించుకోవాల్సిన పని ఉండింది. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మా అక్క ఆ రాత్రి మొగునితో తానే చెప్పింది, ఊ అన్నాడు. పొద్దున అడిగితే, "ఎప్పుడు చెప్తివి?" అన్నాడు. ఆంజనేయప్పకు చెప్పుకుందామంటే అతను బెంగళూరులో ఫ్యాక్టరీ పనిలో ఉన్నాడు, యుద్ధం ముగిసేదాకా సెలవు ఇవ్వరు. మామ నోటి మాట లేకుండా కోడలు గడప దాటే ఇల్లు కాదు అది. అప్పుడు మా అక్క కోడలితో అందట, "కాగితం మీద పెట్టమన్నాడు గదా. పెట్టు."

"కాగితం యాడుండాది అత్తా?"

"నీ చేతిలో ఉండేదేంది?"

మునిరత్నమ్మ భయపడింది. "రామనామం నడుమనా? పాపం రాదా?"

"రాముడు చదివితే ఆయనే పంపిస్తాడు. మీ మామ చదివితే ఈయన పంపిస్తాడు. ఎవురు చదివినా మంచిదే" అంది మా అక్క. "గడి మాత్రం ఖాళీ ఇడవద్దు. ఒక గడి ఎక్కువా తీసుకోవద్దు. లెక్క తప్పిందంటే చదవకుండానే చించి పారేస్తాడు." ఇంత కచ్చితంగా నీకెట్లా తెలుసని ఈ కథ నాకు చెప్పినప్పుడు నేను అక్కను అడగలేదు.

మునిరత్నమ్మ రాగిపిండి చాటలో వేలితో రాసి రాసి చూసుకుంది. మొదట ఇరవై నాలుగు అక్షరాలొచ్చి మూడు గళ్ళు మిగిలాయట. 'పోయొస్తాను'లో 'ను' తీసేసి, 'ఒకసారి' అని చేర్చింది. సరిపోయింది. ఒక్కసారే కదా అడుగుతున్నాను అని కూడా ఆమెకు అనిపించిందట. మరుసటి దినం పేజీలో ఏడో వరసలో, తొమ్మిది రామనామాలు ఉండాల్సిన చోట, గడికి ఒక అక్షరంగా, కన్నడ అక్షరాలతో మన తెలుగు మాటలు ఇట్లా రాసింది:

మామా మా అమ్మకి బాగలేదంట ఒకసారి తొండేభావికి పోయొస్తా పంపించండి

సాయంత్రం ఆమె తలుపు వెనక నిలబడి చూసింది. చీపురు పుల్ల ఏడో వరస మీదికి వచ్చింది, గడి తరువాత గడి దాటింది, ఎనిమిదో వరసకు దిగింది. ఓది నోడిదె. సంతకం.

పక్క దినం మళ్ళీ రాసింది. నడుమ పెట్టినందువల్ల కనిపించలేదేమోనని వారం తరువాత నాలుగో వరసకు తెచ్చింది. పదో దినం ధైర్యం చేసి పేజీకి నెత్తిన, మొదటి వరసలోనే రాసింది. పుల్ల దాని మీదినుంచే బయలుదేరి చక్కగా కిందికి పోయింది. పద్దెనిమిదో దినం నుంచి చివరి వరసలో, సరిగ్గా ఆయన సంతకానికి పైన రాసింది. ఆయన కలం 'ఓది నోడిదె' అని రాసేటప్పుడు 'పంపించండి' అనే మాటకు తగులుతూనే పోయేది. తలుపు వెనక నిలబడడం ఆమె ఎప్పుడో మానేసింది. ఆ వేళకు పొయ్యి మీద ఎసరు పెట్టుకునేది.

శనివారం శనివారం పొద్దున పుస్తకాలు భజన గుడికి తెచ్చి పూజలో పెట్టేవాళ్ళు. అక్కడ బావ ఒక సవాలు విసిరేవాడు. "ఏ పేజీ అయినా తెరవండి, ఏ వరస అయినా లెక్కపెట్టండి. ఒక అక్షరం తప్పు చూపించినోనికి నూటొక్క టెంకాయలు కొట్టిస్తా." ఐదేండ్లలో ఒక్క టెంకాయ కూడా పగల్లేదు. తప్పులు లేక కాదు, ఎవరికీ ఓపిక లేక. ఎవరో ఒకరు మొక్కుబడిగా ఒక వరస లెక్కపెట్టి సరి అనేవాళ్ళు, తరువాత వడపప్పు పంచేవాళ్ళు.

నాలుగో శనివారానికి చింతామణి నుంచి పిళ్ళప్ప వచ్చాడు. ఆయన కన్నడ బడి మేష్టరుగా చేసి మానుకున్న మనిషి. చింతామణిలో కట్టే రామకోటి స్తంభం లోపల పెట్టడానికి నిండిన పుస్తకాలు ఊరూరా పోగుచేస్తున్నాడు. బావ నిండిన పద్నాలుగు పుస్తకాలూ ట్రంకు పెట్టెతో సహా గుడికి తెప్పించాడు. స్తంభంలోకి పోతే మళ్ళీ ఎవరూ తెరవరు కాబట్టి ఆ దినం సవాలు మామూలుకన్నా గట్టిగా విసిరాడు. మగవాళ్ళు లోపల కూర్చున్నారు, ఆడవాళ్ళు గడప దగ్గర నిలబడ్డారు, వాళ్ళలో మా అక్కా మునిరత్నమ్మా ఉన్నారు. జేగంట కొట్టే పాపన్న గుడి స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. పాపన్నకు ఏ లిపీ రాదు. వేలిముద్ర వేసే మనిషి.

పిళ్ళప్ప మునిరత్నమ్మ ఆ వారం రాస్తున్న పుస్తకం తెరిచాడు. ముందు దినం రాసిన పేజీ పడింది. మేష్టరు కాబట్టి మనసులో లెక్కపెట్టకుండా, వేలు పెట్టి, బడిలో పిల్లలకు చెప్పినట్టు గట్టిగా లెక్కపెట్టాడు. కిందినుంచి మొదలుపెట్టాడు, చివరి వరసతో.

"మా ఒకటి, మా రెండు, మా మూడు, అ నాలుగు, మ్మ అయిదు, కి ఆరు, బా ఏడు, గ ఎనిమిది, లే తొమ్మిది, దం పది..."

అట్లా 'డి' దాకా పోయి, "డి ఇరవై ఏడు. సరిగ్గా ఉండాది బయ్యప్పా. భేష్" అన్నాడు. బావ మీసం దువ్వుకున్నాడు. అందరూ తలలాడించారు. నేనూ ఆడించాను. వడపప్పు పళ్ళెం కదిలింది.

అప్పుడు పాపన్న అడిగాడు, "ఎవురి అమ్మకప్పా బాగలేదంట?"

"ఏంది పాపన్నా?" అన్నాడు పిళ్ళప్ప.

"నువ్వే గదప్పా అంటివి. మా అమ్మకి బాగలేదంట, ఒకసారి యాడికో పోయొస్తా అని. నడుమ నడుమ లెక్క చెప్తాంటివి, నేను లెక్క ఇడిసిపెట్టి విన్నా. నాకు లెక్క రాదు గదా."

పిళ్ళప్ప మళ్ళీ పుస్తకం వంక చూశాడు. ఈసారి లెక్కపెట్టలేదు, చదివాడు. చదివి ముందు పేజీ తిప్పాడు, దాని ముందు పేజీ తిప్పాడు. తిప్పే కొద్దీ ఆయన గొంతు చిన్నదైపోయింది. "ఇదీ, ఇదీ, దీంట్లోనూ... అన్నింటి కిందా ఓది నోడిదె అని ఉండాదే బయ్యప్పా. చూసుకోలేదా?"

మా బావ మొహం నేను ఆ పొద్దున బాగా చూశాను. ఆయన ముందు రెండే దారులున్నాయి. చూడలేదంటే, ముప్ఫై ఏండ్ల 'ఓది నోడిదె' అంతా పోతుంది, పలక పోతుంది, కోతి పోతుంది. చూశానంటే ఏం పోతుందో అప్పటికి ఆయనకు తోచలేదు.

"చూడకేమి?" అన్నాడు. "మొదటి దినమే చూసినా. కాగితం మీద ఉండేది నా కండ్లకి తప్పుతాదా? దీక్ష నడుమలో ఉండాదే, ఎట్లా చేద్దామా అని ఆలోచన చేస్తాండా. పంపించేదానికే ఉండా."

గుడిలో ఉన్నవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. పెద్దమనిషి, ఆలోచించే ఉంటాడు అనుకున్నారు. ఆడవాళ్ళ లోంచి మునిరత్నమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. మగవాళ్ళ ముందు ఆమె గొంతు నేను అంతవరకు విన్నది లేదు.

"మొదటి దినమే చదివినారా మామా?"

"చదివినానమ్మా."

"ఇరవై రెండు దినాలు చదివి, ఊరికే ఉన్నారా?"

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. వెనకనుంచి ఎవడో, "మరి టెంకాయల సంగతి?" అన్నాడు. పిళ్ళప్ప పుస్తకం మూసి, "లెక్క సరిగ్గానే ఉండాది గదప్పా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. బావ లేచి, పెట్టె చింతామణికి పోదని మాత్రం చెప్పి, చెప్పులు మరిచిపోయి ఇంటికి నడిచాడు.

మరుసటి పొద్దున మునిరత్నమ్మను నేనే పిలుచుకొనిపోయాను. గౌరిబిదనూరుకు బొగ్గుల బస్సు, పెట్రోలు కరువుకు బొగ్గుల గ్యాసుతో నడిచేది. అది ఎత్తు వచ్చినప్పుడల్లా ఆగేది, అందరం దిగి నెట్టేవాళ్ళం, మళ్ళీ ఎక్కేవాళ్ళం. ఒక ఎత్తు దగ్గర దిగి నిలబడినప్పుడు ఆమె అడిగింది, "నిజంగా చదివినారా గోపాలమామా?"

"తెలియదమ్మా" అన్నాను. ఆమె నన్ను చూసిన చూపుకు దాచుకోలేక, "రెండో శనివారం ఒక వరస లెక్కపెట్టి సరి అన్నోణ్ణి నేనే" అన్నాను.

"తెలుసు మామా. మీరు లెక్కపెట్టింది ఆ వరసే" అంది. అని బస్సు నెట్టడానికి కొంగు బిగించింది.

గౌరిబిదనూరులో రైలెక్కి తొండేభావిలో దిగేసరికి పొద్దు వాలింది. అక్కయమ్మ బతికే ఉంది. కూతుర్ని గుర్తుపట్టింది. ఎడమ చేత్తో ఆమె మొహం అంతా తడిమింది. నోరు మాత్రం కదల్లేదు. మునిరత్నమ్మ వదిన చెప్పింది, "ఏడు దినాల కిందటి దాకా రత్నా రత్నా అని పిలుస్తానే ఉండె. అప్పుడు ఇంకొకతూరి వచ్చింది, మాట పడిపోయింది." నేను అరుగు మీద కూర్చొని, వద్దు వద్దనుకుంటూనే వేళ్ళు మడిచాను. పదిహేను పేజీలు. ఆ పదిహేనింటిలో ఏ ఒక్క పేజీ చదివివున్నా తల్లి మాట కూతురికి దక్కేది. అందులో ఒకటి నేను లెక్కపెట్టిన పేజీ.

పెద్దామె ఇంకో తొమ్మిది దినాలు బతికింది. మునిరత్నమ్మను దినకర్మలదాకా అక్కడే ఉండమని చెప్పి నేను తిరిగి వచ్చాను. బావ అరుగు మీద లేడు. పలక లోపల గోడకు ఆనించి ఉంది. ఆయనకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఏడు దినాల సంగతీ చెప్పాను. తక్కువ చేసి చెబుదామని దారి పొడవునా అనుకున్నాను గానీ ఆయన ఎదురుగా కూర్చున్నాక నాకు ఒళ్ళు మండింది.

"నేను చదవలేదు గోపాలా" అన్నాడు బావ.

"తెలుసు బావా."

"లెక్క సరిగ్గా ఉండె. అందుకే."

"అదీ తెలుసు."

ఆ దినమే ట్రంకు పెట్టె తెరిచాడు. ముప్ఫై ఎనిమిది నాటి మొదటి పుస్తకం నుంచి పట్టుకున్నాడు. చీపురు పుల్ల పక్కన పెట్టి, వేలు పెట్టి, ఒక్కొక్క గడీ నోటితో చదువుతూ పోయాడు. శ్రీ, రా, మ. శ్రీ, రా, మ. వీధిలో పోయేవాళ్ళకు వినబడేది. ఐదేండ్లుగా ఆ ఇంట్లో రాసిన నామాలను మొదటిసారి ఆయన నోరు పలుకుతోంది. మంచి భక్తి కుదిరిందని మా వీధిలో చెప్పుకున్నారు.

మూడో దినం మధ్యాహ్నం నేను బొరుగులు ఇవ్వడానికి పోతే బావ చదవడం లేదు. రెండో పుస్తకం ఒళ్ళో తెరిచి ఉంది. వేలు ఒక వరస మొదట్లో నిలిచిపోయింది. కోడలు ఇంకా ఆ ఇంటికి రాని కాలం నాటిది. తెలుగు అక్షరాలు, గుండ్రంగా, మా నాయన నేర్పిన చేతిరాత. నన్ను చూసి ఆయన పుస్తకం నా వైపు తిప్పాడు.

రామా ఈయన ఒక్క దినమన్నా తల ఎత్తి నా మొగం చూసిన పాపాన పోలేదు

నాకూ ఆయన జబ్బు అంటుకున్నట్టుంది, ముందు లెక్కపెట్టాను. ఇరవై ఏడు. అడుగున ఓది నోడిదె, సంతకం, ముప్ఫై తొమ్మిదో సంవత్సరం తేదీ. కన్నడం కాదు, కంటికి వేరుగా తగిలిందని చెప్పుకోవడానికి కూడా లేదు.

లోపలినుంచి అక్క మజ్జిగ చెంబుతో వచ్చింది. ఆయన వేలు ఎక్కడుందో చూసింది. ఏ పేజీలో ఏముందో ఆమెకు చూడకుండానే తెలిసినట్టుంది.

"ఏమి, లెక్క తప్పిందా?" అంది.

"లేదు" అన్నాడు బావ. "సరిగ్గా ఉండాది."

"సంతకం ఎప్పుడో పెట్టుండారు గదా. ఇంక లేసి సంగటికి రాండి, చల్లారిపోతాండాది."

బావ లేవలేదు. తల ఎత్తి ఆమె మొహం వంక చూస్తూనే ఉన్నాడు. అక్కకు అది అలవాటు లేదు. చెంబు ఆయన పక్కన పెట్టి, కొంగు సర్దుకొని లోపలికి పోయింది.